సంచి మోసిన కొక్కెం

నేను ఒక ఇనుప కొక్కేన్ని. చిలకలూరిపేట కొలిమిలో పుట్టి, సైదులు మటన్ కొట్టులో పెరిగాను. వేటమాంసం మోయడమే నా ఉద్యోగం. ఇప్పుడు కొట్టు వెనక గదిలో, అతని మంచం పక్క గోడకు వేలాడుతూ నీళ్ళ సంచి మోస్తున్నాను. ఈ మనుషులు నన్ను అడిగి ఏదీ చేయరు.

సైదులుకు కిడ్నీలు పాడయ్యాయి. పొట్టకు గొట్టం అమర్చారు. నా మీది సంచిలోని నీళ్ళు ఆ గొట్టంలోంచి పొట్టలోకి వెళ్ళి, చెడునంతా పట్టుకుని, తర్వాత నేలమీది ఖాళీ సంచిలోకి దిగుతాయి. నన్ను ఈ గదిలోకి తెచ్చినప్పుడు అతని భార్య మౌలాబీ చింతపండుతో తోమి, సలసల కాగే నీళ్ళలో వేసింది. అయినా ఒకరోజు కింది సంచిలోకి బియ్యం కడిగిన నీళ్ళలాంటివి దిగేసరికి హడలిపోయాను. మాంసం మోసినదాన్ని. నా వల్లేనా?

పొట్టలో ఇన్ఫెక్షన్ అన్నారు. నర్సు ఇంటికొచ్చి చెప్పింది. "రోజూ పొద్దున ఒక సంచిలో ఈ యాంటీబయాటిక్ కలుపమ్మా. ఆ నీళ్ళు ఆరు గంటలన్నా లోపలే ఉండాల. ముందే వదిలేస్తే మందు కూడా పోయిద్ది. దిగిన సంచి వెనక అక్షరాలు చదవగలిగితే తగ్గినట్టు. తగ్గలేదనుకో, గొట్టం తీసేస్తారు."

గొట్టం తీస్తే మాటిమాటికీ గుంటూరు వెళ్ళి రక్తం శుద్ధి చేసే మిషన్ పక్కన పడుకోవాలి. కొట్టు మూతే.

నీళ్ళు కాస్త తేటపడుతున్నాయనగా ఆదివారం వచ్చింది. మౌలాబీ మందు నీళ్ళు ఎక్కించి, కొట్టు తలుపులు తీయడానికి వెళ్ళింది. సైదులు గబగబా లేచి నాకు కొత్త సంచి తగిలించాడు. మందు నీళ్ళన్నీ కిందికి వదిలేశాడు. కొత్తవి ఎక్కించుకోకుండా, ఖాళీ పొట్టతో కొట్టులోకి పోయాడు. నిండు సంచితో నేను గింజుకున్నాను. అరుద్దామంటే నోరు లేదు.

మధ్యాహ్నం మౌలాబీ నా మీద నిండుగానే ఉన్న సంచిని చూసి నిలబడిపోయింది.

"ఏందయ్యా ఇది?"

"పొట్టనిండా నీళ్ళతో వంగి కొట్టలేనే. ఆదివారం బేరం పోతే ఎట్టా?"

"నువ్వు పోతే ఎట్టా?"

ఆమె వెంటనే నర్సుకు ఫోన్ చేసింది.

మరుసటి ఆదివారం కత్తి మౌలాబీ పట్టింది. సైదులు మందు నీళ్ళతో మంచం మీద మెసులుతూ, మొద్దు మీద పడే ప్రతి దెబ్బనూ విన్నాడు. "ఎముక అట్టా కాదే!" అని అరిచాడు. కానీ లేవలేదు. నేను మాత్రం ఆరు గంటలు నిండేదాకా గడియారాన్ని నమ్మలేక చచ్చాను.

వేళయ్యాక ఆమె వచ్చి, చేతులు కడిగింది. మళ్ళీ కడిగింది. నీళ్ళు దిగాక, కింది సంచి ఎత్తి గోడ క్యాలెండర్‌కు ఆనించింది.

"చదువు."

సైదులు ఆ నీళ్ళలోంచి కళ్ళు చికిలించి చూశాడు. చదివాడు.

"ఆదివారం."