జర జరుగు

మోతీతండాలో తెల్లవారుతూనే ట్రాక్టర్ హారన్ మోగుతుంది. మిరప తోటలకు కూలికి పోయే ఆడవాళ్లు సద్దిగిన్నెలు చంకన పెట్టుకుని, తలలకు తువ్వాళ్లు చుట్టుకుని వస్తారు. ట్రాలీలో ఎవరి తావు వాళ్లదే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెనక తలుపు దగ్గర కూర్చుంటారు, దిగడం సులువని. పొగాకు నమిలేవాళ్లు అంచుకు చేరతారు, ఉమ్మడం సులువని. ముందు పలకకు ఆనుకుని ఉండే చోటు మాత్రం రూప్లిది. ఆమె అందరికంటే ఆలస్యంగా వస్తుంది. కుడిచెయ్యి ముసుగులో దాచుకుని, ఎడమచేత్తో పలక పట్టుకుని ఎక్కుతుంది. కూలీల మేస్త్రి ప్రమీల, "జర జరుగున్రే, రూప్లక్క వచ్చింది" అంటుంది. ఆడవాళ్లు చెప్పుకునే ముచ్చట ఆపకుండానే జరుగుతారు. ట్రాలీ ముందుభాగం ఒక మనిషి బరువుకు కొంచెం కిందికి దిగుతుంది. అప్పుడు బండి కదులుతుంది.

రూప్లి చనిపోయి ఏడాది కావస్తోంది.

ఎందుకొస్తుందని ఆమెను ఎవరూ అడగలేదు. పనికి పోయే మనిషి పనికి పోక ఏం చేస్తుంది? ముందు పలక దగ్గర దుమ్ము కొడుతుంది, వెనక్కి వచ్చి కూర్చోమని మొదట్లో ప్రమీల పిలిచి చూసింది. "బతికున్నప్పుడు ఎవరి మాట విన్నది గనక, సచ్చినంక ఇంటదా" అని ఒకామె అంటే ట్రాలీ అంతా నవ్వింది. రూప్లి కూడా నవ్వినట్టే ఉంది. కుడిచెయ్యి మాత్రం ముసుగులోంచి తీయలేదు. వాగులో పడ్డప్పుడు విరిగి ఉంటుందిలే అనుకున్నారు.

తండా అంతటికీ కనిపించే రూప్లి, మొగుడు తులసీరామ్‌కు ఒక్కడికే కనిపించదు.

తులసీరామ్ ఆ ట్రాక్టర్‌కు పోయినేడాది దాకా డ్రైవరు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న వెంకటప్పయ్యది ఆ ట్రాక్టర్. పోయిన మిరప కోతలప్పుడు, అడవి దాటి వాగు గడ్డ ఎక్కుతుంటే ట్రాక్టర్ హుక్కు నుంచి ట్రాలీ ఊడిపోయింది. వెనక్కి ఉరికి వాగులో బోర్లాపడింది. వెనక ఉన్నవాళ్లు దూకారు. ముందున్న రూప్లికి దూకే దారి లేకపోయింది.

చూడవచ్చిన ప్రతివాడూ ఒకటే మాట అన్నాడు, జరిగిందేదో జరిగింది అని. వెంకటప్పయ్య అన్నాడు, భద్రాచలం నుంచి వచ్చిన చుట్టాలన్నారు, శవం దగ్గర కూర్చున్న పెద్దమనుషులూ అన్నారు. వినీ వినీ రూప్లి కూతురు సంగీతకు ఒళ్లు మండింది. మాటకు మాట బాకీ ఉంచుకునే పిల్ల కాదు సంగీత.

"జరిగిందంటే ఏంది? పెండ్లి జరుగుతది, జాతర జరుగుతది. సావు గూడ జరుగుతదా? ట్రాలీని పట్టుకునేది జరుపుడు హుక్కు. దానంతట అది జరగదు. ఎవరన్న జరిపితేనే జరుగుతది" అంది అందరి ముందూ.

మాట సూటిగా తగిలింది. కానీ తగలాల్సిన చోట కాదు. పెద్దమనుషుల్లో ఒకడు గొంతు సవరించుకుని మెల్లగా అన్నాడు, "మరి ఆ హుక్కు జరిపేటోడు మీ నాయినే, మీ బా నే గద బిడ్డా."

ఆ ట్రాక్టర్ వెనక ఒక ఇనప గొట్టం ఉంటుంది. అందులో హుక్కు ఉన్న కడ్డీ లోపలికీ బయటికీ జరుగుతుంది. కడ్డీని బయటికి లాగి ట్రాలీ కడియానికి తగిలించి, బండిని కొంచెం రివర్స్ చేస్తే కడ్డీ లోపలికి పోతుంది. పైనుంచి ఒక ఇనప నాలుక కడ్డీకి ఉన్న బొక్కలో టక్కున పడుతుంది. ఆ టక్కు వింటేనే డ్రైవరు బండి కదపాలి. విన్నానని తులసీరామ్ మొత్తుకున్నాడు. చూడడానికి వచ్చిన మెకానిక్ నాలుకనూ స్ప్రింగునూ వేలితో ఆడించి, ఇవి బాగానే ఉన్నాయి, డ్రైవరే చూసుకోలేదు అని చేతులు దులుపుకున్నాడు. సంగీత వాదంలో గెలిచింది. తండ్రి ఓడిపోయాడు.

ఆ రోజు నుంచి తులసీరామ్ చూరు కింద మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంటాడు. ముందర పెట్టిన జొన్నగట్క సగం అట్లాగే ఉండిపోతుంది. "అందరికీ అవుపిస్తది, నాకే ముఖం సూపదు. నేనే సంపిన గద" అని ఒక్కసారే అన్నాడు. తరువాత ఆ మాటా లేదు. మనిషి ఎండిన కాయలా తేలికైపోతున్నాడు. ఇంకో కోత కాలం దాటడని ప్రమీల సంగీత ముఖం మీదే చెప్పింది.

కొత్త డ్రైవరు సంతోష్ హుక్కుకు పైనుంచి గొలుసు చుట్టి నడిపేవాడు. ఆ వానాకాలమంతా తడిసి, ఈ కోతలు మొదలయ్యేసరికి కడ్డీ గొట్టంలో బిగుసుకుపోయింది. సంతోష్ సుత్తెతో కొట్టాడు, బూతులు తిట్టాడు, మీసం దువ్వుకుని మళ్లీ కొట్టాడు. కదల్లేదు. వెంకటప్పయ్య వచ్చి చూసి, రేపు ఖమ్మం పంపి గ్యాసుతో కోయించి కొత్తది పెట్టిస్తాననీ, పాతది ఇనప సామానుకు వేసేస్తాననీ చెప్పాడు.

ఆ మాట సంగీత చెవిన పడింది. ఆ హుక్కు పాత ఇనుముల్లో కలిసిపోతే, ఆ రోజు టక్కుమన్నదో లేదో ఇక ఎవరూ చెప్పలేరు. తండ్రి గోడవైపు తిరిగే పోతాడు.

"ఒక్కరోజు నాకియ్యున్రి సారూ. నేను సాపు జేస్త."

"నీకెందుకమ్మాయ్ ఆ జిడ్డు పని? ఆడపిల్లవి."

"దసరాకు పసుపు కుంకుమ పెట్టనీకి ఆడోళ్లే గావాలె. తుప్పు గీకనీకి వద్దా?"

వెంకటప్పయ్య సరే నీ ఇష్టం అని మోటారుసైకిలెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు కూలీలు ఆటోల్లో పోయారు. ట్రాక్టర్‌ను సంగీత ఇంటి ముందు, మంచానికి ఎదురుగా పెట్టించింది. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, ట్రాలీ మూతికి దుంగ ఆనించి, గొలుసు విప్పి, ట్రాలీని విడదీసింది. ఆటోల సంగతి తెలియని రూప్లి రోజూలాగే వచ్చి ముందు పలక మీద కూర్చుంది.

"ఇయ్యాల బండి పోదు యాడీ," అంది సంగీత తల్లితో, వైరు బ్రష్ చేతికి తీసుకుంటూ. తల్లి దిగలేదు. కూతురి చేతుల వంకే చూస్తూ కూర్చుంది. మంచం మీద తండ్రి, పలక మీద తల్లి, మధ్యలో తుప్పు పట్టిన కడ్డీ. ఏడాదిగా ఆ ఇంట్లో ముగ్గురూ ఒక్కచోట ఉన్నది ఇదే మొదలు.

గొట్టం సందుల్లో కిరసనాయిలు పోసింది. నానాక గునపం ఆనించి ఊపింది. తుప్పు రేకులు రేకులుగా రాలింది. దానితోపాటు మిరపతొడిమలు, గడ్డిపరకలు, వాగు ఇసుక. ఇసుకను చూసి సంగీత చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ ఊపింది. ముసలెద్దు మూలిగినట్టు మూలిగి కడ్డీ బయటికి జరిగింది. బ్రష్‌తో తోమి, పాత చీరపేలికతో తుడిచి, గ్రీజు డబ్బా మూత తీసింది.

"గ్రీజు పెట్టకు."

సంగీత ఉలిక్కిపడింది. మాట మంచం మీదనుంచి వచ్చింది. తులసీరామ్ ఇంకా గోడవైపే తిరిగి ఉన్నాడు. డబ్బా మూత చప్పుడును బట్టే పోల్చుకున్నట్టున్నాడు.

"జారేదానికి గ్రీజు వద్దు. దుమ్ము తాగి రాయైతది. సన్న నూనె జాలు."

ఆ గొంతు మళ్లీ ఆగిపోతుందేమోనని సంగీత తొందరగా అడిగింది. "నూనె యాడ పొయ్యాలె బా?"

"ముందుగాల నాలుక పడే బొక్క సూడు."

సంగీత కడ్డీ మీద బొటనవేలు ఈ చివర నుంచి ఆ చివరకు రాసింది. "దీంట్ల బొక్క లేదు."

"ఎందుకుండదు? నా ఏలు పట్టేంత ఉంటది."

"లేదు బా. కొంచెం సొట్ట ఉన్నది, అంతే. మిగతాదంతా సాపుగున్నది."

మంచం కిర్రుమంది. తులసీరామ్ లేచి, గోడ పట్టుకుని, ఏడాదిగా తొక్కని నేల తొక్కుకుంటూ వచ్చాడు. కడ్డీ మీద వంగి తడిమాడు. సొట్ట దగ్గర వేలు ఆగింది. గోరుతో గీకాడు. ఇనుము అనుకున్నది పెచ్చుగా లేచింది. లోపల పసుపు.

సంగీత కొడవలి మొనతో తవ్వింది. నల్లటి గ్రీజు పొర, కింద పసుపు, కింద కుంకుమ. మళ్లీ నలుపు, మళ్లీ పసుపు, మళ్లీ ఎరుపు. రాయిలా గట్టిపడిన ముద్దలో అక్షింతల గింజలు పళ్లలా మెరిశాయి.

ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ప్రతి దసరాకూ ట్రాక్టర్ పూజ వెంకటప్పయ్య వాకిట్లోనే. ఆయన భార్య నిర్మలాదేవి, నీ మొగుడు నడిపే బండి నువ్వే పెట్టు అని పళ్లెం రూప్లి చేతికి ఇచ్చేది. స్టీరింగుకు, టైర్లకు, బానెట్టుకు అందరూ పెట్టే బొట్లే. కానీ రూప్లి వంగి వెనక్కి వెళ్లి, ఈ బొక్కలో పసుపుముద్ద బొటనవేలితో అదిమి అదిమి పెట్టేది. నా మొగుని పానం ఈ నాలుక మీద ఉన్నది, దీని నోరు సల్లగుండాలె అనేది. ఆ బొట్టు రాలిపోకుండా పైన ఇంత గ్రీజు మెత్తేవాడు తులసీరామ్. పెట్టిన బొట్టును తుడవడం ఏ ఇంట్లో ఉంది? ఎవరూ తుడవలేదు. దసరా మీద దసరా బొక్క పూడుకుపోయింది. నాలుక వచ్చి ఆ ముద్ద మీద పడింది. టక్కుమంది. లోపలికి మాత్రం దిగలేదు. గడ్డ ఎక్కేటప్పుడు కడ్డీ బయటికి జారి ట్రాలీని వదిలేసింది.

"టక్కుమన్నది బిడ్డా," అన్నాడు తులసీరామ్.

"అవ్ బా. టక్కుమన్నది. నువ్వు ఇన్నది నిజమే."

సంగీత తలెత్తి పలక వైపు చూసింది. రూప్లి ముసుగులోంచి కుడిచెయ్యి మెల్లగా బయటికి తీసింది. చెయ్యి విరగలేదు. బొటనవేలు గోరు దాకా పచ్చగా ఉంది. ఎంత కడిగినా పోని పసుపు.

మొగుడికి ఒక్కడికే కనిపించకపోవడం కోపమని ఏడాదిగా అందరూ అనుకున్నారు. "బా, యాడి నీ మీద కోపంతోని ముఖం దాసుకోలేదు," అంది. "సిగ్గుతోని దాసుకున్నది."

తులసీరామ్ తనకు ఖాళీగానే కనిపించే పలక వైపు తిరిగాడు. "పిచ్చిదానా," అన్నాడు, గాలితో అన్నట్టు. "గ్రీజు పూసింది నేనే గదనే."

పలక కొంచెం కదిలింది.

సాయంత్రం వెంకటప్పయ్య వచ్చేసరికి కడ్డీ నూనె చుక్కతో నిగనిగలాడుతోంది. పక్కన విస్తరాకులో తవ్వి తీసిన ముద్ద ఉంది. సంగీత అది ఆయన ముందుకు జరిపింది. "ఏటేటా పూజ జేయించిన్రు సారూ. ఒక్కసారన్న తోమిపిచ్చిన్రా?"

"ఏదో జరి..." అని మొదలుపెట్టి ఆయన ఆగిపోయాడు. విస్తరాకు వైపు చూసి, చెప్పులు విడిచి నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున సంతోష్ తాళంచెవి తెచ్చి తులసీరామ్ చేతిలో పెట్టాడు. "నీ బండి నువ్వే నడుపుకో కాకా. దీని గొలుసులు మొయ్యలేక నడుము బోయింది," అన్నాడు, వెనక వెళ్లి ఆడవాళ్ల మధ్య ఎక్కి తిట్లు తిన్నాడు. తులసీరామ్ సీటు మీద కూర్చున్నాడు. సంగీత పక్కన మడ్‌గార్డు ఎక్కింది. బండి కొంచెం వెనక్కి పోయింది, కడ్డీ లోపలికి జారింది, నాలుక బొక్కలోకి దిగింది. ఈ చప్పుడు వేరు. అది ఇనుము ఇనుమును అందుకున్న చప్పుడు. ఆడవాళ్లు మాటలు ఆపి విన్నారు.

ప్రమీల అలవాటుగా "జర జరుగున్రే" అంది. ముందు పలక దగ్గర తావు ఇచ్చారు. ఎవరూ ఎక్కలేదు. ట్రాలీ ముందుభాగం కిందికి దిగలేదు. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రూప్లక్క రాలేదా అని ఎవరో గుసగుసలాడారు.

తులసీరామ్ క్లచ్చు తొక్కి పట్టుకుని ఉన్నాడు. బండి కదపలేదు. పక్కకు తిరిగి, టైరు దగ్గరి నేల వైపు చూసి, అక్కణ్నుంచి మెల్లగా చూపు పైకెత్తాడు. ఏడాదిగా బిగుసుకున్న ముఖం సడలింది.

"జర జరుగు బిడ్డా," అన్నాడు సంగీతతో. "మీ యాడి కూసుంటది."

సంగీత జరిగింది.