రెండూ సరే అన్నాయి

అత్తగారి కాళ్లు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డ గోళ్లు ఒక్కొక్కటే కత్తిరిస్తోంది ఆమె. బొటనవేలి గోరు ఎప్పటిలాగే మొండికేసింది.

“నెమ్మదిగా అమ్మాయ్, ఆ వేలు నాకంటే పెంకిది,” అంది అత్తగారు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు ఆగకముందే, “అయినా ఇంత చదివి నా గోళ్ల దగ్గర కూర్చున్నావు. ఆఫీసంటే అంత విసుగెత్తిపోయిందా నీకు?” అని అడిగింది.

ఆమె చెయ్యి ఆగింది. “విసుగా? ఎవరన్నారు?”

“మావాడే, నీ మొగుడు. ఇంట్లోనే హాయిగా ఉందన్నావట. ఆయాను పెట్టుకుందాంరా, కోడలుపిల్లను పనికి పోనీ అని నేను పోరుతూనే ఉన్నా. పరాయి మనిషి ఇంట్లో తిరిగితే నీకే గిట్టదన్నాడు. ఇంక నేనేం మాట్లాడతాను?”

ఆమె మిగిలిన గోళ్లు కత్తిరించింది. తువ్వాలుతో వేళ్ల సందులు తుడిచింది. చేతులకు పని అలవాటే కనుక అవి వాటంతట అవే చేసుకుపోయాయి.

మూడేళ్ల క్రితం అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు, ఆస్పత్రి వరండాలో ఆమె చెయ్యి పట్టుకుని భర్త చెప్పాడు: “ఆయా అంటే చాలు, అమ్మ ఏడుస్తోంది. నీ చేత్తో తప్ప నీళ్లు కూడా తాగనంటోంది. ఈ మాట ఆమె దగ్గర ఎత్తకు, చిన్నబుచ్చుకుంటుంది.” ఆమె ఎత్తలేదు. ఉద్యోగం మానేసింది; ఎప్పుడొచ్చినా నీ కుర్చీ నీదేనని పరిశోధనశాల డైరెక్టర్ మాత్రం మాటిచ్చింది. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆమె నడిపిన బృందానికి అతను పెద్ద అయ్యాడు. బృందాన్ని ఎవరో ఒకరు చూసుకోవాలి కదా అనుకుంది.

పరిశోధనశాలలో ఆమె పని కలపడం. లిఫ్టులనూ రైలు తలుపులనూ నడిపే ప్రోగ్రాముల్లో తప్పు దాగి ఉందేమో తర్కంతో తేల్చే వ్యవస్థలు అక్కడ రెండుండేవి. ఒకదానికి లెక్కలు తప్ప మరేమీ తెలియదు. రెండోదానికి ప్రోగ్రాము తన సమాచారం దాచుకునే పెట్టెల్లో ఎందులో ఏముందో తెలుసు గానీ లెక్కలు రావు. కొత్తగా చేరినవాళ్లకు ఆమె ఇలా చెప్పేది: “వరుసలో ఉన్నది ఒకటే పెట్టె అని మొదటిది అంటుంది. మొదటి పెట్టెలో తాళంచెవి ఉంది, చివరి పెట్టె ఖాళీ అని రెండోది అంటుంది. విడివిడిగా అడగండి, ఎవరి మాటలోనూ తప్పు దొరకదు. ఉన్నది ఒకటే గనుక మొదటి పెట్టే, చివరి పెట్టే ఒకటేనని రెండోదాని చెవిన వెయ్యండి. అప్పుడు అసాధ్యం అంటుంది.” ఆ చెవిన వేసే భాగమే ఆమె రాసింది. అందుకే అందరూ ఆమెను ‘వంతెన’ అనేవారు. పెళ్లికి ముందు, ఎదుటి బల్ల దగ్గర కూర్చుని, ఆ పేరు మొదట పెట్టింది అతనే.

నిన్న కూర వడ్డించుకుంటూ అతనే చెప్పాడు: “నీ వంతెన తీసేశాం. రెండూ మాటిమాటికీ కబుర్లాడుకుంటూ టైమంతా తినేస్తున్నాయి. విడివిడిగా అడిగితే రెండూ సరే అంటున్నాయి, చాలదా?”

“అది తప్పు కదా,” అంది ఆమె.

“నువ్వు మానేసి చాలా రోజులైందిలే. అన్నట్టు, నీ కుర్చీలోకి వచ్చేవారం ఎవర్నో తీసుకుంటున్నారు.”

ఇంట్లోనూ అంతే. అత్తగారు త్వరగా అలసిపోతుందని ఆవిడ భోజనం గదిలోనే, ముందుగానే. భార్యాభర్తలిద్దరిదీ తర్వాత, బల్ల దగ్గర. ఆ ఏర్పాటు ఎవరు చేశారో ఇప్పుడు గుర్తుచేసుకుంది.

ఆఫీసులో కుర్చీని వదిలేసుకోవచ్చు. కానీ ఈ మూడేళ్లూ నడుం పట్టేసిన ప్రతిసారీ ఆమె ఒక్క తృప్తిని నెమరేసుకునేది: ఒక ముసలి ప్రాణం తనను కోరుకుంది, తను కాదనలేదు. ఇప్పుడు చూస్తే కోరినవాళ్లే లేరు.

“అత్తయ్యా, ఆయా వస్తే మీకు ఇబ్బందా?”

“నాకేం ఇబ్బంది? పేకాట వచ్చినదాన్ని చూడు.”

“నా చేత్తో తప్ప నీళ్లు కూడా తాగనన్నారట.”

“నేనా?” అత్తగారు ఆమెను చూసింది. తర్వాత నీళ్లలోంచి తీసిన తన పాదాల వైపు చూసుకుంది. “వాడన్నాడా,” అంది. అది ప్రశ్నలా లేదు.

ఆమె నీళ్లు పారబోసి వచ్చి, డైరెక్టర్‌కు ఫోన్ చేసింది. “నువ్విక రానన్నావని విన్నానే,” అందావిడ. “నేననలేదు మేడమ్. సోమవారం వస్తాను,” అంది ఆమె.

సాయంత్రం అతను వచ్చేసరికి బల్ల మీద మూడు పళ్లేలున్నాయి. చక్రాల కుర్చీలో తల్లి కూర్చుని ఉంది.

“అమ్మనెందుకు లేపావు? అలసిపోతుంది.”

“కూర్చోడానికి అలుపేంట్రా? నువ్వూ కూర్చో,” అంది తల్లి.

కూర్చున్నాడు. ఆమె ముగ్గురికీ వడ్డించి, తన కుర్చీ లాక్కుని, “ఆయా వద్దన్నది ఎవరు?” అని అడిగింది.

అతను తల్లి వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు.

“సోమవారం నుంచి పనిలోకి వస్తున్నాను,” అంది ఆమె. “నువ్వు తీసేసిన వంతెన అక్కడ మళ్లీ పెడతాను. ఇక్కడ పెట్టేశాను.”