పేరు పెట్టి అడిగిన ప్రార్థన

"సోమవారం బ్యాంకుకు పోయేదున్నది. నీ పెన్షన్ పాసుబుక్కు, ఆధార్ కార్డు తీసి పెట్టు," అన్నాడు దేవసహాయం, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

మంచినీళ్లు అడిగినట్టే అడిగాడు. ఎలీసబెతు వంటింటి గడప దగ్గర పీట మీద కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది. మర్నాడు ఆదివారం సాయంత్రం మనుమరాలి పుట్టినరోజు కృతజ్ఞత కూడిక. సంఘమంతా వస్తారు, పాస్టర్ అయ్యగారు వస్తారు, బిర్యానీ వండడానికి మనుషుల్ని మాట్లాడారు. అయినా అల్లం వెల్లుల్లి మాత్రం ఇంట్లో నూరిందే కావాలని ఆయన పట్టు. పట్టు ఆయనది, గోళ్ల మంట ఈమెది. ఆ ఇంట్లో కాపురం మొదలైనప్పటి నుంచీ పనులు అలాగే పంచుకున్నారు మరి.

"నా పాసుబుక్కు ఎందుకు?" అంది.

"వెస్లీగానికి జర ఇబ్బందిగున్నది. నీ పెన్షన్ మీద పది లక్షల లోన్ తీద్దామని ఇద్దరం అనుకున్నం. ఐదేండ్లల్ల తీరిపోతది. నువ్వేం ఫికర్ చేయకు."

ఇద్దరమంటే తండ్రీ కొడుకూ. పెన్షన్ ఎవరిదో ఆ మనిషి మాత్రం ఆ ఇద్దరిలో లేదు. ఎలీసబెతు చేతిలోని వెల్లుల్లి రెబ్బ జారి గిన్నెలో పడింది. కొడుకు ఎందుకు చిక్కిపోయాడో, ఫోన్ మోగితే ఎందుకు ఉలిక్కిపడి కట్ చేస్తున్నాడో ఆమెకు అప్పుడు అర్థమైంది. కోపం వచ్చింది. ఆ కోపం కొడుకు మీదా, మొగుడి మీదా, లేక ఇన్నాళ్లూ 'ఊఁ' అంటూ వచ్చిన తన నోటి మీదా అన్నది వెంటనే తేలలేదు.

ఆమె గవర్నమెంటు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. పెళ్లికాక ముందు మొదటి పోస్టింగు జైనూర్‌లో. అడవి దారుల్లో నడిచి పురుళ్లు పోసింది, జీతం తన చేత్తో ఖర్చు పెట్టుకుంది. పెళ్లయి కరీంనగర్ వచ్చాక జీతం కవరు చింపకుండా తెచ్చి భర్త చేతిలో పెట్టాలన్నారు. బస్సు ఛార్జీలకు మళ్లీ ఆయన ముందే చేయి చాపేది. నైట్ డ్యూటీ చేసి కళ్లు మండుతూ ఇల్లు చేరితే, "రాత్రంత కుర్చీల కూసునే వస్తివి గదా, గా బట్టలు జాడించు," అనేది అత్త. దేవసహాయం మిషన్ స్కూల్లో టీచరు, పెన్షన్ లేని కొలువు. సుల్తానాబాద్‌లో మామ చేసిన బాకీ, మరిది పెళ్లి బాకీ, ఆడబిడ్డ ఇంటి స్లాబు, అన్నీ ఆమె జీతంలోంచే తీరాయి. "నీదైతే ఏంది, నాదైతే ఏంది?" అనేవాడు ఆయన ధర్మాత్ముడిలా. ఆ మాట ఎప్పుడూ ఆమె డబ్బు దగ్గరే వచ్చేది. ఆయన డబ్బు దగ్గర ఒక్కనాడూ వచ్చిన పాపాన పోలేదు.

రిటైరయ్యాక మొదటి పెన్షన్ పడిన రోజు, బ్యాంకు ఇచ్చిన కార్డును ఆమె తన హ్యాండ్‌బ్యాగులోనే ఉంచుకుంది. ఒక్క మాటా అనలేదు. ఇవ్వమని అడగడానికి ఆయనకు చదువుకున్నవాడి బింకం అడ్డమొచ్చింది. కొన్నాళ్లు మూతి ముడుచుకుని తిరిగి తనే సర్దుకున్నాడు. ఆ డబ్బుతో ఆమె ఇల్లు నడుపుతూనే తనకో మంచి పరుపు కొనుక్కుంది, కళ్లద్దాలు మార్పించుకుంది. నెలకోసారి టవర్ సర్కిల్ దగ్గర హోటల్లో ఒక్కతే కూర్చుని, ఎవరికీ వడ్డించకుండా, వేడి వేడి ఇడ్లీ తిని వచ్చేది. అరవై దాటాక దొరికిన సుఖం అంత మాత్రం. ఇప్పుడు దాని మీదా కన్ను పడింది.

మర్నాడు చర్చి అవగానే కోడలు లిడియా పిల్లనెత్తుకుని వచ్చి, పిల్లను తాత దగ్గర వదిలి కొంగు దోపి వంటింట్లోకి దిగింది. ప్రైవేటు స్కూల్లో టీచరు, నెమ్మదైన మనిషి. ఎలీసబెతు తలుపు దగ్గరికి వేసి నేరుగా అడిగేసింది.

"ఎవలెవలకు ఎంతెంత ఉన్నదే? నిజం చెప్పు."

లిడియా చేతిలో కొత్తిమీర కట్ట అలాగే ఉండిపోయింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"మొత్తం నాకు గూడ తెల్వదు అత్తమ్మా. నా బంగారం తాకట్టుల ఉన్నది. నా పేరు మీద రెండు లోన్లు తీసిండు, ఉత్త సంతకమే అన్నడు, పెట్టిన. ఇప్పుడు గా వసూలు చేసేటోళ్లు మా స్కూలుకు ఫోన్లు జేస్తున్నరు. ప్రిన్సిపాల్ మేడం పిలిచి, ఇంకోసారి ఫోనొస్తే ఉద్యోగం గురించి మాట్లాడుకోవాలె అన్నది. మామయ్యేమో కోడలి షోకులతోనే కొడుకు మునిగిండు అంటున్నడట. గీ కట్టుకున్న చీర గూడ నా పెండ్లి చీరనే అత్తమ్మా."

"మరి గీ కూడిక ఎందుకు పెట్టుకున్నరే?"

"వద్దనే అన్న. పోయినేడు గంత గొప్పగ జేసి ఈసారి చేయకపోతే సంఘంల అనుమానపడుతరని మామయ్య అన్నడు. షామియానా, కుర్చీలు, బిర్యానీ, అన్నీ మళ్ల ఫోన్ యాప్‌ల తీసిన అప్పే."

అప్పు తెచ్చి దేవుడికి కృతజ్ఞత చెప్పడం! ఎలీసబెతుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పోయినేడు కారూ అంతే. విత్తనాల కంపెనీలో చేసే వెస్లీకి మోటారుసైకిల్ సరిపోయేది. అందరికీ కార్లున్నాయని పెద్ద కారు కొన్నాడు. చర్చి గేటు ముందు నిలబెట్టి, అయ్యగారి చేత బానెట్ మీద చేయి పెట్టించి ప్రార్థన చేయించారు, ఫొటోలు తీశారు. అప్పటి నుంచి ఆ కారు కంతుల కోసం ఇంకో అప్పు, ఆ అప్పు కోసం మరో అప్పు.

సాయంత్రం కూడికకు ముందు వెస్లీ వంటింట్లోకి వచ్చాడు. ముప్పై దాటని మనిషికి కళ్లకింద నల్లటి గుంటలు. తల్లి చూపు తప్పించుకుంటూ డబ్బాలో కాజు ఏరుకుని తిన్నాడు.

"అవ్వా, బాపు చెప్పిండా?"

"చెప్పిండు. నువ్వెందుకు చెప్పలే?"

"నువ్వు పరేషానైతవని."

"సంతకం పెట్టేటప్పుడు పరేషాన్ కానా?"

వాడు కాజు డబ్బాకు మూత పెట్టాడు. "ఒక్కసారి నన్ను ఒడ్డున పడేయవ్వా. నెల నెల నేనే కడ్త."

"పోయినేడు నా బంగారు గాజులు ఇచ్చినప్పుడు గిదే మాటంటివి. కారు అమ్ము బిడ్డా."

"గదెట్లయితదవ్వా? ప్రార్థన చేయించిన బండి. అమ్మితే దేవుడిచ్చిన దీవెన అమ్ముకున్నట్టని బాపు అంటున్నడు. సంఘంల తలెత్తుకోవాలె గద."

పొమ్మని కసిరింది గానీ, వాడు వెళ్లాక, కన్న కడుపు కదా, తరుక్కుపోయింది. సంతకం పెట్టేస్తే ఒక్క నిమిషంలో వాడి ముఖం తేటపడుతుంది, తెలుసు. కానీ గాజులు పోయినా అప్పు ఆగలేదు. గుట్టుగా కట్టినకొద్దీ గుట్టుగా ఇంకోటి పుట్టుకొస్తూనే ఉంది. ఇప్పుడు పెన్షన్ పోతుంది, తర్వాత లిడియా ఉద్యోగం పోతుంది. ఆ పిల్ల తనలాగే జీవితమంతా ఎవరో తిన్న అప్పుకు కంతులు కడుతూ ముసలిదైపోతుంది. అది తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

షామియానా కింద కూడిక మొదలైంది. పాటలయ్యాయి, వాక్యబోధ అయింది. తరువాత ప్రార్థన మనవులు. వాళ్ల సంఘంలో దానికో పద్ధతుంది. జ్వరానికి, ఉద్యోగానికి, పరీక్షలకు పేరు చెప్పి ప్రార్థన అడుగుతారు. అప్పుకు, తాగుడుకు, మొగుడి దెబ్బలకు మాత్రం పేరుండదు. "ఒక కుటుంబం భారంల ఉన్నది, జ్ఞాపకం చేసుకోండ్రి," అంటారు. ఆ కుటుంబం ఏదో అందరికీ తెలుసు, తెలిసినట్టు ఒక్కరూ కనపడరు. హెప్సిబా అనే ఆమె చాలాకాలం అలా పేరు లేకుండానే ప్రార్థన అడిగింది. చివరికి ఆమె ఇంటికి బ్యాంకువాళ్లు తాళం వేసిననాడు "అయ్యో, మాకు తెల్వనే తెల్వదాయె!" అన్నారు అందరూ.

ఎలీసబెతు కూడికలన్నీ వంటింట్లోంచి విన్నవే. ఇప్పుడూ పెరుగు చట్నీకి ఉల్లిగడ్డలు కోస్తోంది. బయట మైకులో దేవసహాయం సాక్ష్యం చెబుతున్నాడు.

"దేవుడు మా కుమారుని అన్ని విధాల ఆశీర్వదించిండు. ఇల్లిచ్చిండు, బండిచ్చిండు, ఏ కొదువా లేకుండ నడిపిస్తున్నడు. ఆయన నామానికి స్తోత్రం!"

"స్తోత్రం," అన్నారందరూ. వంటింట్లో లిడియా అనలేదు. ఆమె చేతిలో ఫోన్ మోగుతోంది. పేరు చూసి కట్ చేసింది. మళ్లీ మోగింది.

ఎలీసబెతు కత్తిపీట పక్కకు జరిపింది. చేతులు కొంగుకు తుడుచుకుని, ఉల్లిఘాటుకు కళ్లు ఎర్రబడి ఉండగానే బయటికొచ్చింది. మొగుడు ఇంకా మైకు వదల్లేదు. చేయి చాపి తీసుకుంది. చాపిన చేతికి అడగకుండానే ఏదైనా దొరకడం ఆ ఇంట్లో అదే మొదలు.

"అయ్యగారూ, వందనాలు. నాదొక ప్రార్థన మనవి. పేరు పెట్టే చెప్తున్న. మా వెస్లీ అప్పుల కూరుకపోయిండు. పది లక్షలంట. మీరు తినబోయే బిర్యానీ గూడ అప్పుదే."

ఎవరో దగ్గబోయి మింగేశారు. దేవసహాయం గబగబా ముందుకొచ్చి, "ఆమెకు బీపీ ఉన్నది, పొద్దటి నుంచి తిననే లే," అని నవ్వబోయాడు.

"నాకు బీపీ లేదు. నర్సును, నాకు తెల్వదా?" అంది. "పాపం నా కోడలి మీద నింద వేస్తున్నరు. పైస వాడుకున్నది ఆమె గాదు, సంతకం పెట్టింది మాత్రం ఆమె. ఆమె పేరు మీదున్నది నెల నెల నా పెన్షన్లకెళ్లి నేను కడ్త. నా చేతుల మీదుగనే కడ్త. బ్యాంకుల కొత్త లోనుకు మాత్రం సంతకం పెట్ట. ఇగ మీరు ప్రార్థన చేసిన కారు గేటు బయటనే ఉన్నది. కొనేటోళ్లుంటే అన్నం తిన్నంక పోయి చూసుకోండ్రి."

అయ్యగారు బైబిలు మూసి, తెరిచి, మళ్లీ మూశారు. "ఇజ్జత్ తీసినవు గదనే!" అని పళ్ల మధ్య నుంచి అన్నాడు దేవసహాయం. ఎలీసబెతు వంటింటి వైపు చూసింది. అలవాటుగా అటే వెళ్లాలి. వెళ్లలేదు. అందరి ముందూ మొదటి వరసలో ఒక కుర్చీలో కూర్చుంది. పక్క కుర్చీలోని పెద్దమనిషి లేచి దూరంగా జరిగాడు.

వెనక వరసలో కుర్చీ చప్పుడైంది. వెస్లీ లేచి నిలబడ్డాడు. నలుగురిలో తల్లి మీద అరుస్తాడేమో, కారెక్కి వెళ్లిపోతాడేమో అని ఆమె భయపడింది. వాడు కుర్చీల మధ్య నుంచి తడబడుతూ ముందుకొచ్చాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఏడ్చినట్టు, ముఖం దాచుకోకుండా ఏడుస్తున్నాడు.

"అయ్యగారూ," అన్నాడు. "అవ్వకు బాపు చెప్పింది పది. బాపుకు నేను చెప్పింది సగం గూడ గాదు."

దేవసహాయం ఉన్నచోటే కూర్చుండిపోయాడు. ఎలీసబెతు పక్కన ఖాళీ అయిన కుర్చీని దగ్గరికి లాక్కుంది.

"కూసో బిడ్డా," అంది. "లిడియాను గూడ పిలువు. మిగిలింది గూడ చెప్పు."