చల్లబడిన చెయ్యి

పాల డెయిరీలో వ్యాను డ్రైవరు ఉద్యోగం జోయల్‌కు ఖాయమైనట్టే. బీపీ సరిగ్గా ఉందని డాక్టరు సంతకం పెట్టిన కాగితం ఒక్కటి సాయంత్రంలోగా ఇవ్వాలి, అంతే.

"తెలియనోళ్ల కాడికి యాల పోవాల? చక్రధర్ సారు మనూరాయన. నిన్ను సూస్తానే రాసిస్తాడు" అని భార్య కోమలే అతణ్ని చిత్తూరులోని ఆ డాక్టరు ఆసుపత్రికి తీసుకొచ్చింది. డాక్టరు తండ్రి కృష్ణమూర్తి ఇంట్లోనే జోయల్ తండ్రి గోవిందయ్య జీతానికి ఉండి ముసలివాడయ్యాడు.

అందరి చెప్పులూ గుమ్మం ముందున్నాయి. జోయల్ తనవి గేటు బయట, రోడ్డు పక్కనే విడిచాడు.

"ఏం జోయలూ, మీ నాయన బాగుండాడా? కూర్చో" అని చక్రధర్ నవ్వుతూ పలకరించాడు. జోయల్ కుర్చీ అంచున ఆనీ ఆననట్టు కూర్చున్నాడు. జబ్బకు పట్టీ చుట్టి చూసిన డాక్టరు మొహంలో నవ్వు తగ్గింది.

"శానా ఎక్కువుండాదే! కొంచేపు బయట కూర్చోని రా."

బయట నర్సు ప్రసన్నకుమారి మళ్లీ బీపీ చూసింది. "ఏమన్నా, రోగాన్ని యాడ దాచిపెట్టినావు? అంతా బాగుండాది!" అంది. కోమలి ప్రాణం లేచి వచ్చింది. కానీ జోయల్ లోపలికి వెళ్లి డాక్టరు ముందు కూర్చోగానే మళ్లీ ఎక్కువే.

"నేనేమన్నా పులినా జోయలూ?"

"అయ్యో! మీరు దేముడు సామీ" అంటూ జోయల్ లేచి నిలబడ్డాడు.

చక్రధర్ నిట్టూర్చాడు. "భయపడితే ఒంట్లో ఒక రసం ఊరతాది. గుండెను అదే పరిగెత్తిస్తాది. నన్ను సూస్తే నీకది ఊరతాంది. మీ నాయన కాడ్నుంచి వచ్చినట్టుండాది. నేను సూసింది కాదని ఎట్ల రాసేది? మాత్రలిస్తా, పది దినాలాగి రా."

"పక్క వీధిలో ఇంకో డాక్టరుండాడు, పోండి" అని నర్సు గుసగుసలాడింది. కోమలి భర్త చెయ్యి పట్టి లాగింది. జోయల్ కదల్లేదు.

"సారు కాదన్నాక ఇంకోళ్ల కాడికి పోతే ఆయన్ని మీరినట్టు గాదా?"

"ఉద్యోగం పోతాదే!"

"పోనీలే."

డెయిరీ ఉద్యోగం ఆ సాయంత్రమే ఇంకొకరికి దక్కింది. తిరుగు బస్సులో జోయల్ చెయ్యి కోమలి ఒడిలో వెచ్చగా ఉంది. మణికట్టు దగ్గర నాడి నెమ్మదిగా కొట్టుకుంటోంది. ఈ చేతిని తెలియనోళ్ల దగ్గరికే తీసుకుపోయి ఉంటే, అనుకుంది.

ఊళ్లోకి రాగానే బస్సు కృష్ణమూర్తి ఇంటి ముందు మలుపు తిరిగింది. ఆ చెయ్యి చెమటపట్టి చల్లబడింది. కోమలి కిటికీలోంచి చూసింది.

అరుగు మీద ఎవరూ లేరు.