మంచంలో నా వైపు

“నెమ్మదిగా లే, దేసా. రుమెంకా ఉలిక్కిపడుతోంది” అన్నాడు మొదట్లో, నా మొగుడు ల్యూబిషా. కుక్కలకు వండాలంటే నేను తెల్లవారకముందే లేవాలి. కోడి మెడలూ నూకలూ పెద్ద గుండిగలో పోసి పొయ్యి మీదికి ఎక్కించాలి. నేను దుప్పటి తీయగానే మా కాళ్ళ దగ్గర పడుకున్న ఆ కుక్క గజగజ వణుకుతోందట. వారం తిరక్కుండానే, “కొన్నాళ్ళు వంటింట్లో సోఫా మీద పడుకోరాదూ? ఎలాగూ లేచి అక్కడికే పోతావు కదా” అన్నాడు. ఎంత సబబుగా అన్నాడో! దుప్పటి తీసుకుని సోఫా మీదికి మారాను. అన్నది ఎండాకాలంలో. ఇప్పుడు నవంబరు. రుమెంకా కాళ్ళ దగ్గర్నుంచి పైకి పాకి, మంచంలో నా వైపు, నా దిండు మీద తల పెట్టుకుని నిద్రపోతోంది.

కుక్క మీద అసూయేమిటని నవ్వుతారు. నవ్వండి. నాకుంది. కడుపు మండిపోయేంత ఉంది.

మా ఇంట్లో ముప్పైకి పైగా కుక్కలున్నాయి. కారు కింద పడినవి, కాలు పోయినవి, చూపు లేనివి, అట్టపెట్టెలో పెట్టి మా గేటు ముందు వదిలేసిపోయినవి. వాటి మీద నాకు ఏ కోపమూ లేదు. వాటి పెంట ఎత్తేదీ, దవడలు పట్టుకుని మాత్ర గొంతులోకి తోసేదీ, చేతులు కడుక్కుని మందుల షాపులో ఉద్యోగానికి పరిగెత్తేదీ నేనే. ల్యూబిషా వాటిని రక్షిస్తాడు. అంటే, కారులో తెచ్చి దింపుతాడు. నిష్ పట్నంలో అతనంటే అందరికీ గౌరవం. టీవీ వాళ్ళు వచ్చినప్పుడు అతను చంకలో కుక్కపిల్లతో మాట్లాడుతుంటే, “అమ్మా, ఆ బకెట్ కనిపిస్తోంది, కాస్త పక్కకి జరగండి” అన్నారు నాతో. జరిగాను, బకెట్‌తో సహా.

రుమెంకా సంగతి వేరు. కాలిపోయిన ఇంటి ముందు గొలుసుతో కట్టేసి ఉంటే తెచ్చాడు. ఎవరో పారతో కొట్టారు దాన్ని. అతను దాని పక్కన నేల మీద చతికిలబడి, “తిన్నావా తల్లీ? నిన్నెవరూ ఏమీ అనరు, నేనున్నాగా” అంటాడు. ఆ గొంతు నాకు తెలుసు. పెళ్ళైన కొత్తలో అది నాది. ఇప్పుడు గదిలోంచి వినబడితే వంటింట్లో నా చేతిలో గరిటె ఆగిపోతుంది. ఒకరోజు సూపులో ఉప్పు ఎక్కువైందని మా అత్తగారు స్తొయాంకా నా మీద ఇంతెత్తున లేస్తుంటే, అతను పరిగెత్తుకొచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. “అమ్మా, అరవకు! దెబ్బలు తిన్న ప్రాణం, భయపడుతోంది” అన్నాడు. చూస్తే బల్ల కింద రుమెంకా ఉంది. అత్తగారు గొంతు తగ్గించి, మిగతా తిట్లు నెమ్మదిగా తిట్టింది.

అందుకే జివానాతో మాట్లాడాను. షాపులో నాతో పనిచేస్తుంది. ఆమె కుక్క ఈమధ్యే ముసలితనంతో పోయింది, మొగుడూ పెళ్ళాం ఇంకా బెంగలోనే ఉన్నారు. “స్లావా రోజు వచ్చి రుమెంకాను అడుగు” అన్నాను. స్లావా అంటే మా ఇంటి దేవుడి పండుగ. ఆ రోజుకి ఎవరినీ పిలవం, వచ్చినవాళ్ళని కాదనం. గుమ్మం తొక్కినవాళ్ళని చిన్నబుచ్చి పంపితే ఇంటికే తలవంపు. నలుగురిలో అడిగితే ల్యూబిషా ఎలా కాదంటాడు? దానికి మంచి ఇల్లు, నాకు నా మంచం. ఇందులో పాపమేముందనుకున్నాను.

స్లావా నాడు ఇంటి యజమాని అతిథుల ముందు కూర్చోకూడదు, వాళ్ళు తిని లేచేదాకా నిలబడే ఉండాలి. ల్యూబిషా ఇస్త్రీ చొక్కా వేసుకుని, రకియా అనే పళ్ళసారా సీసా పట్టుకుని, గ్లాసులు నింపుతూ నిలబడ్డాడు. “పొద్దుట్నుంచీ కాలు మడవలేదు పాపం, యజమానంటే వీడు!” అన్నాడు వాళ్ళ బాబాయి. ముందురోజంతా క్యాబేజీ ఆకుల్లో మాంసం చుడుతూ నిలబడి, ఇప్పుడు పళ్ళేలు మోస్తున్న నా కాళ్ళ ఊసు ఎవరికీ తట్టలేదు. ఆడదాన్ని నిలబెట్టడానికి ఆచారంతో పనేముంది?

జివానా మొగుడితో వచ్చింది. గోధుమల ప్రసాదం చెంచాడు నోట్లో వేసుకుని, దండం పెట్టుకుని, అడిగేసింది. ల్యూబిషా ముఖం కాస్త మారినా, కుక్కను ఇచ్చేముందు ఎవరినైనా అడిగే ప్రశ్నలే మొదలుపెట్టాడు.

“ఇంట్లో ఎవరైనా గట్టిగా అరుస్తారా?”

“అబ్బే, లేదన్నా.”

“దానికి ఒంట్లో బాలేకపోతే?”

“భలేవాడివే! పక్కనే కూర్చుంటాం.”

“రోజంతా ఒంటరిగా వదిలేస్తారా?”

“మా ఆయన ఇంట్లోనే ఉంటాడుగా. దానికి కబుర్లు చెప్పడమే ఇక ఆయన పని.”

“మరి పడక?”

“దానిష్టం. మా మంచం మీదైనా సరే.”

నేను పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఒక్కో ప్రశ్నకీ మా ఇంటి తరఫున లోపల్లోపల జవాబు చెప్పుకున్నాను. ఒక్కదాంట్లోనూ నెగ్గలేదు. నన్ను ఇచ్చేముందు ఎవరైనా వచ్చి ఇవి అడిగి ఉంటే, ఈ ఇంటికి ఇచ్చేవాళ్ళే కాదు.

ల్యూబిషా సీసా బల్ల మీద పెట్టాడు. అతని కళ్ళలో నీళ్ళు.

“అన్నీ బాగానే చెప్పావమ్మా. కానీ ఇవ్వలేను. దానికంటూ ఒక చోటు ఏర్పడింది. అలవాటైన చోటునుంచి లేపి ఇంకెక్కడో పడుకోబెడితే ఆ ప్రాణం ఏమనుకుంటుంది? నన్ను వద్దనుకున్నారు కాబోలు అనుకోదూ?”

“నా కొడుకుది వెన్నలాంటి మనసు” అంటూ అత్తగారు కళ్ళొత్తుకుంది.

అయితే తెలుసన్నమాట. లేపి ఇంకెక్కడో పడుకోబెడితే ఏమనిపిస్తుందో ఇతనికి అక్షరం పొల్లుపోకుండా తెలుసు. పాపం, తెలియక చేశాడని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అలా చెప్పుకునే ఇన్ని నెలలు ఆ సోఫా మీద కళ్ళు మూసుకున్నాను. అప్పుడు కుక్క మీద అసూయ ఎటు పోయిందో పోయింది. దాని చోట నేనున్నా ఆ దిండు వదలను మరి.

వెలుతురు తగ్గుతోంది. పెరట్లో ఒకటి మొరిగింది, మిగతావన్నీ అందుకున్నాయి.

“దేసా, వాటి తిండి టైమైంది” అన్నాడు ల్యూబిషా, తల తిప్పకుండానే.

పళ్ళెం దించాను. బల్ల దగ్గర అతని కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంది. వెళ్ళి అందులో కూర్చున్నాను. జివానా చప్పుడు చేయకుండా నా ముందుకు ఒక ప్లేటు జరిపింది.

“దేసా, కుక్కలు...”

“నువ్వెలాగూ నిలబడే ఉన్నావుగా. గుండిగ పొయ్యి మీదుంది. వెళ్ళి పెట్టు.”

“ఇంతమంది ముందు ఇదేం పనే!” అంది అత్తగారు.

నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను. వేడిగా ఉంది. మింగాక, అందరికీ వినబడేలా అతనితో అన్నాను:

“రుమెంకాను కదిలించొద్దులే. ఇవాళ్టి నుంచి దాని పక్కన నేను పడుకుంటాను. నువ్వు వంటింట్లో పడుకో.”