కొన్నవారి పేరు

"నంబరు చెప్పండి," అంది ఆమె, ఎడమచేత్తో ఒక తీగ పీకి కుడిచేత్తో ఇంకో తీగ గుచ్చుతూ. అవతలి పెద్దమనిషి నంబరు చెప్పకుండా, ఎంతసేపు నిలబెడతారని కస్సుమన్నాడు. అలా అనేవాళ్ళెవరూ నిజంగా నిలబడి ఉండరు, కుర్చీలో కాళ్ళు చాపుకునే ఉంటారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పైరెండేళ్ళుగా వింటోంది, ఆ మాత్రం తెలియదా! లోకంలో సగం మందికి ఎవరితో మాట్లాడాలో తెలియదు, తక్కినవాళ్ళకి ఏం మాట్లాడాలో తెలియదు. మధ్యలో తీగలు గుచ్చడానికి తను.

రెండింటికి డ్యూటీ దిగి, ఎవరికీ వెళ్ళొస్తానని చెప్పకుండానే బయటపడింది. పక్క సీట్ల ఆడవాళ్ళంటే ఆమెకు లెక్కలేదు. పొద్దస్తమానం కోడళ్ళ మీద చాడీలు. ఈమెకు కోడలూ లేదు, కొడుకూ లేడు. వంటింటి బల్ల మీద ఒక రేకుపెట్టె ఉంది, అంతే.

ఆ పెట్టె కంప్యూటరు. అంటే, కాబోయే కంప్యూటరు. ముందువైపు ఒక వరస స్విచ్చులు, వాటి మీద చిన్న చిన్న ఎర్రదీపాలు, లోపల బోర్డులు దూర్చే సందులు. ఏడాదిగా నెలకో భాగం తెప్పించి, పుస్తకం ముందు పెట్టుకుని తనే టంకం పెట్టింది, తనే బిగించింది. ఇక రావాల్సింది ప్రాసెసర్ బోర్డు ఒక్కటే. అది లేకపోతే మిగతాదంతా పాతసామానువాడికి వెయ్యాల్సిందే.

మొదటిసారి దుకాణానికి తనే వెళ్ళింది. "ఇవి మిక్సీలు కావమ్మా, మీవారిని పంపండి," అన్నాడు దుకాణదారు. సరేనని వారిని పంపింది. ఆ వారు రిటైరైన బస్సు కండక్టరు. ఇంట్లో ఫ్యూజు పోతే కొవ్వొత్తి వెతుక్కునే ఘటం. కెపాసిటరుకీ చొక్కా గుండీకీ తేడా తెలియదు. ఎవరేమన్నా "రైట్ రైట్" అంటాడు, వీధి వీధంతా ఆయన్ను ఆ పేరుతోనే పిలుస్తుంది.

అప్పట్నుంచీ నెలనెలా అదే తంతు. ఆమె చీటీ రాసిస్తుంది, ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని లోపలికి వెళ్తాడు, ఆమె రోడ్డుకి అవతల నిలబడుతుంది. అద్దాల్లోంచి అంతా కనిపిస్తూనే ఉంటుంది. దుకాణదారు స్టూలు వేస్తాడు, టీ తెప్పిస్తాడు. ఈయన చేతులు తిప్పుతూ ఏదో చెబుతాడు. వాడు నోరు తెరుచుకుని వింటాడు. అహా, ఏం దర్జా! వేళ్ళు కాలింది ఆమెకి, మర్యాదలు ఆయనకి. ఈ పెట్టె తను కట్టిందని బయటివాళ్ళు ఒక్కరికి, ఒక్కరంటే ఒక్కరికి తెలిస్తే చాలుననుకునేది. ఆ ఒక్కటీ ఈయన టీలో కలుపుకుని తాగేస్తున్నాడు.

ఇవాళ దుకాణం ఎదుట ఆయన ముందే వచ్చి నిలబడ్డాడు. మొహమంతా చెమట, ఎడమ భుజం నొక్కుకుంటున్నాడు.

"ఏంటా చెమటలు?"

"ఎండ."

"బోర్డులో గుచ్చే చిప్పు విడిగా ఇస్తాడు. దాని కాళ్ళు వంగాయేమో చూసి తీసుకోండి. చూస్తే తెలుస్తుందా మీకు?"

"రైట్ రైట్," అని లోపలికి వెళ్ళాడు.

స్టూలు పడింది, టీ వచ్చింది. మధ్యలో దుకాణదారు అద్దంలోంచి ఆమె వైపు చూసి చెయ్యెత్తాడు. వెటకారం కాక మరేమిటి! ఆమె మొహం తిప్పుకుంది. ఆయన అట్టపెట్టెను రెండు చేతులతో పట్టుకుని బయటికొచ్చాడు.

"ఇంజనీరుగారి ఉపన్యాసం అయిందా?"

ఆయన నవ్వాడు. "అంతా అయ్యాక ఒకసారి చూడ్డానికి రావచ్చా అని అడిగాడే."

"ఎవర్ని చూడ్డానికి? మిమ్మల్నా?"

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే బస్సుకి చెయ్యెత్తింది.

ఇంటికొచ్చి చెప్పులు విడిచీ విడవకముందే పెట్టె మూత తీసింది. టేబుల్ లైటు ఆయన చేతికిచ్చి పట్టుకోమంది. వెలుగు అటూ ఇటూ ఊగుతోంది.

"లైటు కూడా తిన్నగా పట్టుకోలేరా? ఇలా ఇచ్చి, పోయి కూర్చోండి."

ఆయన వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆమె నల్లటి చిప్పు తీసి, గాటు ఎటువైపుందో రెండుసార్లు చూసుకుని, నలభై కాళ్ళూ ఒక్కసారే దిగేలా బొటనవేళ్ళతో నొక్కింది. బోర్డును సందులోకి తోసింది. కరెంటు ఇచ్చింది. పుస్తకంలో ఉన్నట్టు స్విచ్చులు ఒక్కొక్క వరసే పైకీ కిందికీ వేసింది. మూడోసారికి కుదిరింది. ఒక ఎర్రదీపం కుడి చివర వెలిగి, పక్కకి జరిగి, ఇంకా పక్కకి జరిగి, ఎడమ చివరికి వెళ్ళి, మళ్ళీ కుడి చివర మొదలైంది.

"నడిచింది! ఏవండీ, నడిచిందండీ!"

రైట్ అనలేదు.

"పట్టపగలు నిద్రొకటి," అని విసుక్కుంటూ వెళ్ళి చెయ్యి పట్టుకుంది. లైనులో అవతల మనిషి ఉన్నదీ లేనిదీ ఆమెకు క్షణంలో తెలుస్తుంది. లేడు.

డాక్టరు వచ్చి, గుండె అని చెప్పి వెళ్ళాడు. పక్కింటివాళ్ళు ఒక్కొక్కరే రాసాగారు. ఆడపడుచుకి కబురు పంపాలి. ఆవిడ ఫోను నంబరు ఆయన పాత టికెట్ల డబ్బాలో ఉంటుంది. నోటికొచ్చిన నంబర్లు వేలున్నాయి కానీ, ఆ ఒక్కటీ ఆమె ఎన్నడూ గుర్తుపెట్టుకోలేదు. డబ్బా తెరిచింది.

పైన నంబరు చీటీ. కింద రబ్బరుబ్యాండు వేసిన గ్యారంటీ కార్డులు, నెలకొకటి. కొన్నవారి పేరు అన్నచోట దుకాణదారు చేతిరాతలో ఆమె పేరు. పక్కన ఆమె ఉద్యోగం. దాని కింద, "స్వయంగా కడుతున్నారు." అన్నిటి మీదా అంతే. అట్టడుగున ఉన్నది మొట్టమొదటిది. దాని మీద ముందు ఆయన పేరు రాసి, అడ్డంగా కొట్టేసి, పైన ఆమె పేరు రాశారు.

ఏడాదిపాటు ఆ స్టూలు మీద కూర్చుని ఆయన చెప్పింది ఆమె గురించే. ఆయన ఎన్నిసార్లు చెప్పబోయాడో, తను ఎన్నిసార్లు లైను కట్ చేసిందో!

"చెప్పి ఏడవచ్చుగా," అంది కుర్చీవైపు తిరిగి. పక్కింటివాళ్ళు విన్నారు. వింటే విననీ. ఏడుపు ఆగలేదు.

బల్ల మీద దీపం కుడి నుంచి ఎడమకు నడుస్తూనే ఉంది. ఇవాళ్టి కార్డు ఇంకా డబ్బాలో చేరలేదు, ఆయన ఇస్త్రీ చొక్కా జేబులోనే ఉంది.