చెప్పని వాల్వు

ఊళ్లో నీటి గొట్టాలకు వాల్వులు నూటపన్నెండు. భూమిలో అవి ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిసినవాడు ఒక్కడే. స్తంభం నుంచి ఇన్నడుగులు, గోడ నుంచి ఇన్నడుగులు అని కాళ్లతో కొలిచి చెప్పేవాడు గనక అందరికీ అడుగులాయన అయిపోయాడు. నీళ్ల ఆఫీసులో ఉద్యోగం ముగిసి ఆరేళ్లు, భార్య పోయి నాలుగేళ్లు. అయినా ఎక్కడ గొట్టం పగిలినా ఆఫీసువాళ్లు అతనికే ఫోను చేసేవారు. అతనికి ఫోను చేసేవాళ్లు ఇంకెవరూ లేరు.

మ్యాపు తయారు చెయ్యడానికి ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చి, చేతిలో చిన్న మిషను పట్టుకుని పదిరోజులు అతని వెంట తిరిగింది. అతను చూపించిన ప్రతిచోటా మిషను కీచుమనేది, తెర మీద నీలం చుక్క పడేది. కబుర్లకు మొహం వాచి ఉన్నాడేమో, ఆ పదిరోజులూ అతని నోటికి తెరిపి లేదు.

నూటపదకొండో చుక్క పడ్డాక, "అంతేనా బాబాయ్?" అంది.

"అంతేనమ్మా."

రొట్టెల కొట్టు ముందున్న వాల్వు మాత్రం కడుపులోనే దాచుకున్నాడు. అవసరం పడితే తన దగ్గరికి రాక ఛస్తారా అని! పెద్దవాడే గానీ బుద్ధి పసిపిల్లాడిది.

మూడు నెలలు ఫోను మోగలేదు. ఒక పొద్దున రొట్టెల కొట్టు ముందు గొట్టం పగిలి నీళ్లు వీధంతా పారాయి. అతను ఉతికిన చొక్కా తొడుక్కుని, వాల్వు తిప్పే ఇనప కడ్డీ ఒళ్లో పెట్టుకుని, ఫోను ఎదురుగా కూర్చున్నాడు.

గంట గడిచింది. వంటింట్లో కుళాయి బుస్సుమని ఆగిపోయింది.

"ఊరంతటికీ నీళ్లొచ్చే పెద్ద వాల్వే కట్టేశారంట. ఆసుపత్రిక్కూడా నీళ్లు లేవంట!" పక్కింటావిడ ఎవరికో కేకేసి చెప్పింది.

అతన్ని అడగాలని ఎవరికీ తోచనే లేదు. ఆసుపత్రి మాట వినగానే అతనికి ప్రాణం చివుక్కుమంది. గబగబా వెళ్లి, స్తంభం నుంచి పదిహేడడుగులు లెక్కపెట్టి, బురద తోడి, మూత ఎత్తి, వాల్వు కట్టేశాడు. అమ్మాయి పరుగున వచ్చి, పెద్ద వాల్వు తెరవమని ఫోనులో చెప్పింది.

"ఇదెలా మర్చిపోయారు బాబాయ్?"

"వయసైపోయింది కదమ్మా," అన్నాడు తల ఎత్తకుండా.

మిషను కీచుమంది. నూటపన్నెండో చుక్క పడింది.

"హమ్మయ్య! ఇంక మిమ్మల్నెవరూ ఇబ్బంది పెట్టరు బాబాయ్," అంది ఎంతో ప్రేమగా.

కడ్డీ ఆమెకే ఇచ్చేసి ఇంటికొచ్చాడు. అలవాటుకొద్దీ ఫోను చార్జింగుకు పెట్టబోయి, ఎందుకులే అని పక్కన పెట్టేశాడు.